గొట్టములోని చాళ్లు, చిన్న తూటా రైఫిలు



ఈ పూట నేను ప్రసంగింపబూనిన విషయము తుపాకి. ఆ పేరు వినగానే కొందరికి వేట జ్ఞాపకము వచ్చును, కొందరికి యుద్ధము, మరికొందరికి పోలీసు ఠాణా. నేను చెప్పదలచినది వీనిలో నేదియు గాదు. కాగితపు పలకమీద గీచిన నల్లని చుక్కను గురిచూచి కొట్టుట యను వినోదమొకటి కలదు. ఆ వినోదమునకు లోకమంతటను వాడబడు .22 రైఫిలును గూర్చియు, ఆ రైఫిలునకు సూటిదనము నిచ్చు గొట్టములోని చాళ్లను గూర్చియు నాకు తెలిసినంత మనవి చేసెదను.

నాది వికారాబాదు జిల్లాలోని నవాబుపేట. మా వైపు పిల్లలు కొందరు కళాశాలలలో ఎన్.సి.సి. దళమున చేరి, చాందుమారిలో .22 రైఫిలు పట్టి వచ్చుచున్నారు. ఇంటికి వచ్చి దాని సంగతులు ఉత్సాహముతో చెప్పుదురు. వినెడి తాతకు అందులో సగము అర్థమగును, సగము భయము పుట్టును. ఆ ఉత్సాహములో నిజమెంతయో, ఈ భయములో నిజమెంతయో తెలిసికొనుట ఇంటిపెద్దకు అవసరము. తెలియక వలదనుటయు, తెలియక సరే యనుటయు రెండును కీడే.

మొదట చాళ్లు లేని తుపాకి యెట్లు పనిచేయునో చూతము. గోలకొండ కోట బురుజులమీద నున్న పెద్ద ఫిరంగులను మీలో పెక్కురు చూచియే యుందురు. 1687లో ఔరంగజేబు ఆ కోటను పట్టుకొన్న కాలమునాటి ఫిరంగుల గొట్టములు లోపల నున్నగా నుండును. నాటు తుపాకుల గొట్టములును అట్టివే. నున్నని గొట్టమున మూతివైపునుండి గుండు దిగవలెనన్న, గుండు గొట్టము కంటె కొంచెము సన్నగా నుండక తప్పదు. మందు అంటుకొన్నప్పుడు ఆ వదులుగుండు గొట్టపు గోడలను ఈ ప్రక్క నొకసారి, ఆ ప్రక్క నొకసారి తాకుచు బయటికి వచ్చును. కడపటి తాకుడు ఏ వైపున తగిలెనో దానినిబట్టి గుండు పోవు దిక్కు కొంత మారును. అంతతో పోక, ఆ తాకుడువలన గుండు ఏదో యొక ప్రక్కకు దొర్లుచు వెడలును. దొర్లు గుండును గాలి ప్రక్కకు నెట్టును. ఏ గుండు ఎటు దొర్లునో కాల్చువానికి ముందుగా తెలియదు. కనుకనే నున్నని గొట్టపు తుపాకితో యాభై అడుగులలో తగిలినవాడు, నూరు గజములలో తగులునని చెప్పజాలడు. ఇది అతని చేతి లోపము కాదు, గొట్టము లోపము.

ఈ సంగతిని ప్రయోగములు చేసి నిరూపించినవాడు బెంజమిను రాబిన్సు అను ఆంగ్లేయ గణితవేత్త. ఆయన 1742లో ఫిరంగి విద్యను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. గొట్టము మూతిని ఎడమ వైపునకు కొంచెము వంచి కాల్చి, గుండు మొదట ఎడమకు పోయి, పిమ్మట కుడికి తిరుగుటను పలుచని కాగితపు తెరలకు పడిన రంధ్రములవలన చూపెను. వంగిన గొట్టపు గోడనంటి దొర్లుటవలననే గుండు అట్లు తిరిగెనని ఆయన చెప్పెను. చాళ్లు గల గొట్టముల మేలును గుర్తించి సైన్యమున వానిని వాడుకొను దేశమునకు గొప్ప ఆధిక్యము కలుగునని గూడ ఆయన వ్రాసెను. ఈయనకును మన దక్షిణదేశమునకును సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీవారి కోటల పని చూచుటకై వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింటు డేవిడు కోటలో మరణించెను.

ఇక చాళ్ల సంగతి. పిల్లలు ఆడు బొంగరమును చూడుడు. తిరుగని బొంగరమును ములుకుమీద నిలుపుట ఎవ్వరి తరము గాదు. తాడు చుట్టి విసరినచో అదే బొంగరము నిటారుగా నిలుచును. వేలితో కొంచెము నెట్టినను పడక, తన యిరుసును తాను నిలుపుకొనును. తిరుగుడు తగ్గినకొలది తూలి, చివరకు కూలును. గుండు విషయమును ఇంతే. పొడవుగా, మొన గలదిగా చేసిన గుండు తిరుగక పోయినచో గాలిలో తలక్రిందులై దొర్లును. దాని మొన ముందుకే యుండునట్లు వేగముగా త్రిప్పినచో బొంగరమువలె తన యిరుసును తప్పక సాగిపోవును. దొర్లుడునకును ఈ తిరుగుడునకును భేదమిది. దొర్లుడు ఏ వైపునకో తెలియనిది. ఈ తిరుగుడు ప్రతి గుండునకు ఒకే రీతిగా, ఒకే యిరుసుమీద కలుగునది.

ఈ త్రిప్పుటకై గొట్టము లోపల మరచుట్టువలె వంపుగా సాగు గాడులను తీయుదురు. మనము దుక్కిలో చాలు అనియు, చాలునకు చాలునకు నడుమ మిగిలినదానిని గట్టు అనియు అందుము గదా. గొట్టములోను అట్లే చాళ్లును గట్లును ఉండును. రైఫిలు అను మాటకే చాళ్లు తీయుట యను అర్థము కలదు. గుండు గొట్టము కంటె వెండ్రుకవాసి లావుగా నుండుటచే, మందు బలమునకు గట్లు సీసములోనికి దిగి దానిని పట్టుకొనును. పట్టువడిన గుండు చాళ్ల వంపు ననుసరించి తిరుగుచు పోవలసినదే.

.22 రైఫిలులో ఈ చాళ్ల లోతు తలవెండ్రుక మందమునకు మించదు. సాధారణముగా గుండు గొట్టములో 16 అంగుళములు సాగునప్పటికి ఒక చుట్టు తిరుగునట్లు చాళ్లు వంపుదురు. పదునారంగుళములకు ఒక చుట్టన్న తక్కువగా తోచును. కాని గుండు సెకనుకు 330 మీటర్ల వేగముతో వెడలును. లెక్క వేసిన, సెకనుకు ఎనిమిది వందల పైచిలుకు చుట్లు తిరుగుచున్నదని తేలును. ఏ బొంగరమును అంత వేగముగా తిరుగదు.

ఇంత సన్నని చాళ్లను ఉక్కు గొట్టము లోపల తీయుట సామాన్యమైన పని గాదు. దానికి మూడు పద్ధతులు ముఖ్యములు. మొదటిది పాతది. కొక్కెము వంటి చిన్న ఉలిని కడ్డీకి తగిలించి, త్రిప్పుచు గొట్టములోనుండి లాగుదురు. ఒక్కొక్క లాగుడునకు కంటికానని పొర మాత్రమే లేచును. ఒక్కొక్క చాలునకు అనేక పర్యాయములు లాగవలయును. రెండవది, చాళ్ల ఆకారము గల మిక్కిలి కఠినమైన బిళ్లను ఒక్కసారిగా గొట్టములోనుండి లాగి, ఉక్కును ఒత్తి చాళ్లు పడునట్లు చేయుట. మూడవది, చాళ్లకు ప్రతిరూపమైన కడ్డీని లోపల నుంచి, బయటనుండి యంత్రపు సుత్తులతో గొట్టమును మోదుట. పద్ధతి ఏదైనను, గొట్టపు మూతి అంచు నలువైపుల సమముగా నుండవలెను. అచ్చట గోటితో గీచినంత సొట్ట పడినను, వెడలు గుండును వెనుకనుండి తోయు ఆవిరి ఒక ప్రక్క ముందుగా తప్పించుకొని దానిని తూలించును. అందుచేతనే తెలిసినవారు రైఫిలు మూతిని నేలకు ఆనింపరు.

చాళ్ల మేలు జర్మను దేశమువారికి నాలుగైదు వందల యేండ్లకు పూర్వమే తెలిసినను, సైన్యములు చాలకాలము వానిని విరివిగా వాడలేదు. మూతివైపునుండి బిగుతు గుండును దింపుట ఆలస్యమగు పని యగుటయే కారణము. 1849లో మినీయె అను ఫ్రెంచి సేనాని, అడుగు బోలుగా నుండు గుండును కల్పించెను. అది వదులుగా దిగి, మందు పేలినప్పుడు అడుగు వెడల్పై చాళ్లను పట్టుకొనును. అట్టి గుండును వాడిన 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు మన దేశమునకు వచ్చెను. గుండు చాళ్లలో సులభముగా దిగుటకై కాగితపు తూటాకు కొవ్వు పూసిరి. ఆ కొవ్వు ఆవుదియు, పందిదియు ననిన మాట సిపాయిలలో ప్రాకి, 1857 నాటి తిరుగుబాటునకు నిప్పురవ్వ యయ్యెను. గొట్టములోని చాలు మన చరిత్రలో నిట్లు ప్రవేశించినది.

అదే 1857లో అమెరికాలో స్మిత్తు, వెస్సను అనువారు .22 కొలత గల చిన్న తూటాను తమ రివాల్వరుతో గూడ అమ్మకమునకు తెచ్చిరి. అంతకుముందు 1845 ప్రాంతమున పారిసులో ఫ్లోబేరు అను తుపాకి పనివాడు, ఇండ్లలో గురి వినోదము కొరకు అట్టి అల్పమైన తూటానే చేసియుండెను. నేడు వాడుకలో నున్న .22 లాంగ్ రైఫిలు తూటా 1887లో స్టీవెన్సు కంపెనీవారు చేసినది. నూట ముప్పది యేండ్లు గడచినను దాని రూపము పెద్దగా మారలేదు.

.22 అనగా అంగుళమును నూరు భాగములు చేసినచో అందులో ఇరువది రెండు భాగములు. గుండు లావు మన తాండూరు కందిగింజ యంత. బరువు పావు తులము కంటె తక్కువ. దీనిని రిమ్‌ఫైరు తూటా అందురు. అనగా అంచున పేలు తూటా. ఇత్తడి గిన్నె అంచును లోపల బోలుగా నుండునట్లు మడిచినట్లే, ఈ తూటా డొక్క అడుగున అంచు మడిచి, ఆ బోలులో తాకుడునకు మండు మందును నింపుదురు. మీట నొక్కగానే రైఫిలులోని సూది ఆ అంచును నలగగొట్టును. అంచులోని మందు మండి, డొక్కలోని అసలు మందును అంటించును. పెద్ద రైఫిళ్ల తూటాలలో నట్లు గాక, అడుగు నడుమ ప్రత్యేకముగా టోపీ యమర్చి, సూదిని ఆ నడుమనే కొట్టింతురు.

అంచు నలగవలెనన్న ఇత్తడి పలుచగా నుండవలెను. ఇత్తడి పలుచనైనచో ఎక్కువ ఒత్తిడికి ఆగదు. కనుక ఈ తూటా ఎప్పటికిని చిన్నదిగానే యుండవలసి వచ్చినది. ఒకసారి నలగిన అంచు మరల పనికిరాదు. డొక్కను తిరిగి నింపుకొనుటకు వీలులేదు. అంచులో మందు అన్నివైపుల సమముగా పరచుకొననిచో, అప్పుడప్పుడు పేలక మొండికేయును. ఇవి లోపములే. కాని చేయుటకు తేలిక యగుటచే చౌకగా లభించును. ఆ చౌకదనమే దీనికి లోకమంతట ఆదరము తెచ్చినది.

చౌక యొక్కటియే కారణము గాదు. పూర్వము సైనికులు పట్టిన .303 రైఫిలు పేలినప్పుడు భుజమును గుద్దును. క్రొత్తవాడు ఆ గుద్దునకు భయపడి, మీట నొక్కుటకు ముందే కన్ను మూసి భుజము బిగించును. గుండు తప్పిన, తన తప్పో రైఫిలు తప్పో వానికి తెలియదు. .22 గుండు మోయు బలము దానిలో సుమారు ఇరువదవ వంతు. భుజమునకు తగిలియు తగులనట్లుండును, చప్పుడును తక్కువ. కావున కాల్చువాని మనస్సు మరి దేనిమీదికిని పోదు. చాళ్లు తమ పని తాము ప్రతిసారి ఒకే తీరున చేయుచున్నవి. తప్పినచో ఊపిరి నిలుపలేదనియో, మీటను లాగి కుదిపితిననియో, గుండు వెడలకముందే తలయెత్తితిననియో కాల్చినవాడే తెలిసికొనును. కాగితముమీది రంధ్రము అబద్ధమాడదు. నేను కొంతకాలము పిల్లలకు గురి నేర్పినవాడను. ఈ రైఫిలు పట్టిన పిల్లవాడు మొదటి వారమున తుపాకిని తిట్టును, రెండవ వారమున గాలిని తిట్టును, ఆ తరువాత తన ఊపిరిని సరిచూచుకొన నారంభించును. ఈ వినోదములోని రుచి యంతయు ఆ మూడవ మెట్టున నున్నది.

పందెములలో ఈ రైఫిలునకు విధించిన దూరము 50 మీటర్లు. గురిపలకమీద పది మార్కుల వలయపు అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, అనగా చొక్కా గుండీ పాటిది. గుండు ఆ దూరము పోవుటకు సెకనులో ఆరవ వంతు పట్టును. ఆ కొంచెము సేపటిలోనే భూమ్యాకర్షణచే ఐదంగుళముల వరకు దిగును. కనుక గొట్టము ఆ మేరకు పైకి చూచునట్లు గురికన్నును సవరింతురు. గంటకు పది మైళ్ల అడ్డగాలి వీచినచో గుండు సుమారు అంగుళము ప్రక్కకు పోవును. పది మార్కులు పోవుటకు అది చాలును. అందుచేత మైదానమున చిన్న జెండాలు పాతి, అవి ఆడు తీరు చూచుచు కాల్తురు. పొలములో తూర్పార పట్టుటకు గాలి కొరకు కనిపెట్టుకొని యుండు రైతునకు ఈ యోపిక కొత్తది గాదు.

ఈ విద్య మన ప్రాంతమున లేనిదని తలపవలదు. హైదరాబాదు గచ్చిబౌలిలో 2002 నాటి జాతీయ క్రీడలకై నిర్మించిన చాందుమారి కలదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున గాలి రైఫిలుతో కాంస్యము గెలిచెను. 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో ఇదే .22 రైఫిలుతో 50 మీటర్ల పందెమున పరుండి కాల్చి రజతమును, మూడు భంగిమల పందెమున కాంస్యమును పొందెను. హైదరాబాదు బాలిక ఈషా సింగు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పందెమున జట్టుతో స్వర్ణమును, తానొక్కతెగా రజతమును గెలుచుకొన్నది. ఆ పిస్తోలు తూటాయు ఈ అంచున పేలు .22 తూటాయే. 2024లో పారిసున మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలు మూడు భంగిమల పందెమున కాంస్యము తెచ్చెను.

ఇంతవరకు దీని మంచిని చెప్పితిని. మా ఊరి పెద్దమనిషి యొకరు నన్నడిగిరి: "పంతులూ, ఇంత చిన్న తూటా గదా, చేన్ల పందులు పడుతున్నయి, మనుమనికి ఒకటి కొనిస్తే ఆటకు ఆట, కాపలాకు కాపల అయితది గద?" ఈ ప్రశ్న చాలమంది మనస్సున నున్నదే గనుక సమాధానము నిచ్చటనే చెప్పెదను.

కాల్చువానికి మెత్తగా నున్నంత మాత్రమున, తగిలినవానికి మెత్తగా నుండదు. ఈ గుండు మనిషి ప్రాణము తీయగలదు. గొట్టమును కొంచెము పైకెత్తి కాల్చినచో ఒకటిన్నర మైలు, అనగా రెండు కిలోమీటర్ల పైచిలుకు పోగలదు. తూటాల పెట్టెలమీదనే ఆ హెచ్చరిక అచ్చువేయుదురు. మన పొలములనుండి అంత దూరమన్న, నడుమ తండాయో, బడియో, కల్లమో, పశువుల కాపరియో ఉండకపోడు. రాతిమీదను నీటిమీదను ఏటవాలుగా పడిన గుండు ఎగిరి మరొక దిక్కునకు పోవును. తాండూరు బండలు పరచిన మా నేలమీద ఇది మరచిపోదగిన మాట గాదు. చాందుమారిలో గురిపలక వెనుక ఎత్తైన మట్టికట్ట యుండుట అందుకే. మట్టికట్ట లేనిచోట పేల్చుట వినోదము గాదు.

అడవిపందికి ఈ తూటా చాలదు. అది చావక గాయపడి, మరింత క్రూరమై, మరునాడు పొలమునకు వచ్చిన ఆడుదానిమీదనో పిల్లవానిమీదనో పడును. అదియును గాక, అడవి జంతువును చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడిన విషయము. పంట నష్టమైనప్పుడు అటవీ శాఖవారికి తెలిపి, వారి యనుమతితో జరుగవలసినదే కాని, ఎవరికి వారు తీర్మానించుకొనరాదు.

.22 రైఫిలు 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు లేక ఉంచుకొనరానిది. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి సొంతముగా లైసెన్సు లేదు. శిక్షణ కొరకు మాత్రము నియమములకు లోబడి, పెద్దల కనుసన్నలలో పిల్లలు దీనిని వాడవచ్చును. బలము చట్టపు హద్దు దాటని 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. అందులోను గొట్టమునకు చాళ్లుండును. పది మీటర్ల చోటుతో ఊపిరి, చూపు, మీట అను మూడు పాఠములును అందులోనే నేర్వవచ్చును. గగన్ నారంగ్ ఒలింపిక్ పతకము గాలి రైఫిలుతో వచ్చినదే యని యిదివరకే చెప్పితిని. కావున మీ మనుమడు ఉత్సాహపడినచో మొదట ఎన్.సి.సి.లోనో, గుర్తింపు గల క్లబ్బులోనో చేర్పుడు. ఇంట తుపాకి కొని పెట్టుట ఆ తరువాతి మాట. నాటు తుపాకిని మాత్రము ఎన్నడును ఇంటికి రానీయకుడు. దానికి చాళ్లు లేవు, లైసెన్సు లేదు, గొట్టము ఎప్పుడు పగులునో చేసినవానికే తెలియదు.

పిల్లలను పంపునప్పుడు వారిచే ఈ మాటలు చెప్పించుకొనుడు. ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింతును. మూతిని గురిపలకవైపు తప్ప మరి యెటును త్రిప్పను. గురి కుదురువరకు మీటమీద వ్రేలుంచను. గురి వెనుక ఏమున్నదో చూడక కాల్చను. తూటా పేలకపోయినచో అర నిమిషము వరకు మూతిని గురివైపే యుంచి, ఆ మీదనే తలుపు తెరతును. చెవులకును కన్నులకును రక్షణ లేక నిలువను. సీసము విషము గనుక, చేతులు కడుగుకొనక అన్నము తినను. ఇవి నోటికి వచ్చుట చాలదు, చేతికి రావలెను. చేతికి వచ్చినవని నేర్పువాడు చెప్పువరకు తూటా ఇయ్యరు. ఎచ్చట ఈ నియమములు పాటింపబడునో అదియే మంచి చాందుమారి యని మీరు గుర్తింపవచ్చును. ఒకసారి పిల్లవానివెంట వెళ్లి, వెనుక బల్లమీద కూర్చుండి చూచి రండు. మీరు చూచి వచ్చినచో, వలదనినను సరే యనినను ఆ మాటకు ఇంట విలువ యుండును.